దసలి పట్టుచిలుక

పట్టు అనగానే మనకు మల్బరీ తోటలు స్ఫురిస్తాయి. అయితే ఆరుబయట చెట్టుకొమ్మలపైననే పెరిగి పట్టునిచ్చే పురుగు మరొకటి ఉంది. అదే దసలి పట్టుపురుగు. తెలంగాణలో చెన్నూరు, కోటపల్లి, మహాదేవపూర్ ప్రాంతాల రైతులు మద్దిచెట్లపై దీనిని పెంచుతారు. దీని శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా.

ఈ పురుగు ప్రౌఢదశయే పట్టుచిలుక. చాచిన రెక్కల వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. ఆడచిలుక సాధారణంగా పసుపు లేక బూడిద వన్నెలోను, మగచిలుక ఇటుక రంగులోను ఉంటాయి. ప్రతి రెక్కపైనా కన్నువంటి గుండ్రని మచ్చ ఉంటుంది. దాని నడిమి భాగం పారదర్శకం.

గ్రుడ్డు, డింభకం, కోశస్థ దశ, ప్రౌఢజీవి అనేవి దీని జీవితంలోని నాలుగు దశలు. ఆడచిలుక 150 నుండి 250 వరకు గ్రుడ్లు పెడుతుంది. ఎనిమిది, పది రోజులలో వాటినుండి వెలువడిన డింభకాలు మద్ది ఆకులను తింటూ, నాలుగుసార్లు కుబుసం విడిచి, ఆకుపచ్చని పెద్ద పురుగులవుతాయి. పక్షులు, చీమలు, కందిరీగలు వీటికి శత్రువులు. అందువలన రైతులు పగలంతా చెట్లక్రింద కావలి ఉంటారు. ఎదిగిన పురుగు కొమ్మకు పట్టుకాడను చుట్టి, దానికి వ్రేలాడేలా గట్టి కాయను అల్లుకొంటుంది. శీతకాలపు కాయలలోని జీవి సుప్తావస్థలో ఉండి, మరల వర్షాలు రాగానే చిలుకగా మారుతుంది.

చిలుకకు ఆహారం తీసుకొనే నోరు వృద్ధిచెందదు. డింభకదశలో కూడబెట్టిన శక్తితోనే అది వారం పదిరోజులు జీవించి, సంతానాన్ని కని మరణిస్తుంది.

చిలుక ఒక ద్రవంతో కాయను మెత్తబరచి బయటకు వస్తుంది. అప్పుడు పోగులు చెదరి రంధ్రమేర్పడుతుంది. అట్టి కాయనుండి ఎడతెగని దారం రాదు, దూదివలె వడకవలసిందే. అందుచేత చిలుక వెలువడకముందే కాయలను ఆవిరితో వేడిచేస్తారు. లోపలి జీవి మరణిస్తుంది. కాని అన్నింటినీ ఉడికిస్తే మరుసటి పంటకు గ్రుడ్లే ఉండవు. కాబట్టి ఆరోగ్యమైన కాయలను విత్తనానికై వేరుచేస్తారు. చిలుక వెడలిన కాయలనుండియే నూలు తీసే 'అహింసాపట్టు' పద్ధతికి హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య ప్రాచుర్యం కల్పించారు.

నేటి వస్త్రానికి కొన్ని ప్రాణాలు మూల్యమైతే, రేపటి పంటకు విడిచిపెట్టిన ప్రాణాలే ఆధారం. ఎన్ని తీసుకోవాలో తెలియడంతోపాటు ఎన్ని విడువాలో తెలియడమే ఈ వృత్తిలోని వివేకం.

ప్రశ్నలు
1. దసలి పట్టుచిలుక జీవితదశలను వివరించండి.
2. విత్తనపు కాయలను వేరుచేయవలసిన ఆవశ్యకత ఏమి?