ఫొటో పెట్టేముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి



గత నెల ఏడో తరగతిలో ఇంటర్నెట్ భద్రత గురించి ఒక పీరియడ్ తీసుకున్నాను. డిజిటల్ బోర్డు మీద నా సొంత ఫొటో ఒకటి వేశాను. కంభం చెరువు కట్ట మీద స్కూటీ పక్కన నిలబడి దిగింది. "నేనెవరో తెలియని మనిషి ఈ ఫొటో చూసి ఏమేం కనిపెట్టగలడు?" అని అడిగాను. బండి నంబరు అన్నారు. మెడలో ఐడీ కార్డు ఉంది కాబట్టి పేరు, స్కూలు అన్నారు. వెనక నీళ్లు, కొండలు చూసి ఊరు చెప్పేశారు. "సాయంత్రం ఎండ మేడమ్, అంటే స్కూలు వదిలాక మీరు అటు వెళ్తారు" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. నాకే కాస్త భయమేసింది.

ఇంతలో ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ రోజూ నా ఫొటో స్టేటస్ పెడుతుంది మేడమ్, వద్దన్నా వినదు" అంది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. (ఎవరని అడక్కండి. చేతులెత్తమంటే సగానికి పైగా ఎత్తారు.)

ఇంటర్నెట్ భద్రత అనగానే మనకు పిల్లల చేతిలో ఫోన్ గుర్తొస్తుంది. కానీ వాళ్ల చేతికి ఫోన్ రాకముందే వాళ్ల ఫొటోలు నెట్‌లో ఉన్నాయి. పెట్టింది మనమే.

2024 జులైలో జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రి, చిన్న కూతురు కలిసి ఉన్న వీడియో అది. దాన్ని చూస్తూ కొందరు యువకులు యూట్యూబ్ లైవ్‌లో ఇక్కడ రాయలేని మాటలన్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దీన్ని ఎక్స్‌లో బయటపెట్టి చర్య తీసుకోమని ప్రభుత్వాలను కోరారు. పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండమని తల్లిదండ్రులనూ వేడుకున్నారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ముఖ్య నిందితుణ్ణి బెంగళూరులో అరెస్టు చేసింది. పోక్సో సెక్షన్లు కూడా చేర్చారు. తప్పు ఆ తండ్రిది కాదు, ముమ్మాటికీ కాదు. కానీ ఆ వీడియోను ఎవరు చూడాలన్నది ఆయన చేతిలో లేకుండా పోయింది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. మనం ఇంటి మనుషులుగా సొంతానికి చేసే పనులకు మాత్రం ఆ చట్టం వర్తించదు.

స్టేటస్ 24 గంటల్లో పోతుంది కదా అంటారు. స్క్రీన్‌షాట్‌కు ఒక్క సెకను చాలు. మీ ఫోన్‌లో ఎవరెవరి నంబర్లు ఉన్నాయో చూసుకోండి: గ్యాస్ అబ్బాయి, ప్లాట్ల ఏజెంటు, ఎప్పుడో రైల్లో కలిసినాయన. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో స్టేటస్‌కు వెళ్తే అది ఎవరికి కనిపించాలో మీరే ఎంచుకోవచ్చు. యూనిఫాంతో, ఐడీ కార్డుతో, ఇంటి గేటు ముందు తీసిన ఫొటోలు అసలు వద్దు. స్నానం చేయించేటప్పటివి ఎవరికీ పంపకండి, అమ్మమ్మకైనా సరే.

స్కూళ్లూ తక్కువేం తినలేదు. ర్యాంకుల ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, హాల్ టికెట్ నంబరు అన్నీ వేసేస్తాం. మీకు ఇష్టం లేకపోతే క్లాస్ టీచర్‌కు రాసివ్వండి. మొహమాటపడొద్దు.

పెద్ద తరగతుల పిల్లలకు ఆపద ఇంకో రకంగా వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఎవరో ఫొటో అడుగుతారు, తర్వాత దాన్నే చూపించి బెదిరిస్తారు. కొడతారనో, ఫోన్ లాక్కుంటారనో పిల్లలు ఇంట్లో చెప్పరు. చెప్పిన రోజు ముందు వాళ్లను దగ్గరికి తీసుకోండి. బెదిరించేవాడికి డబ్బు పంపకండి. ఖాతా పేరు, లింకు, తేదీ రాసిపెట్టుకోండి. ఆ ఫొటోను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, నాకు కూడా. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలపై పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి, పిల్లలకు ఏ సాయం కావాలన్నా 1098కి ఫోన్ చేయండి. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. అది ఫొటోను బయటికి పంపదు. ఫోన్‌లోనే దానికి వేలిముద్రలాంటి ఒక గుర్తు తయారుచేసి, ఆ గుర్తును మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి ఇస్తుంది. దాని ఆధారంగా వాళ్లు ఆ ఫొటోను వెతికి తీసేయగలుగుతారు.

ఈ నెల హోంవర్క్ మీకే. ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ పాత పోస్టులన్నీ చూడండి. వాళ్లు తీసేయమన్నవి తీసేయండి. మా అన్నయ్య కూతురితో నేనూ చేశాను. పదకొండు తీసేయించింది. వాటిలో నాకు బాగా ఇష్టమైన ఫొటో కూడా ఒకటుంది.