నిదానము

తెలుగులో ‘నిదానము’ అనే మాటకు రెండర్థాలున్నాయి. తొందరపడకపోవడం ఒకటి, మూలకారణాన్ని కనుగొనడం మరొకటి. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించే విద్యకు ఇదే పేరు. మాధవకరుని ‘మాధవ నిదానం’ ఆ విద్యలో ప్రసిద్ధ గ్రంథం. చెడిన యంత్రం ముందు కూర్చున్నవారికి ఈ రెండర్థాలూ అవసరమే.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన ఉన్న ఉరుకుందకు శ్రావణమాసంలో ఈరన్నస్వామి దర్శనార్థం భక్తులు తండోపతండాలుగా వస్తారు. ఆ ఊరిలో ఒక జిరాక్స్ దుకాణం ఉన్నదనుకొందాము. అందులోని కంప్యూటరు లినక్స్‌తో నడుస్తుంది. ఖాతాదారుల పద్దులు, విద్యార్థుల దరఖాస్తులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకనాటి ఉదయం మీట నొక్కగా తెరపై చిహ్నం కనిపించి, అక్కడే నిలిచిపోయింది. “అంతా చెరిపి మళ్ళీ ఎక్కిస్తే సరి” అని ఎవరో సలహా ఇస్తారు. ఆ సలహా పాటిస్తే యంత్రం లేస్తుంది, పద్దులు మాత్రం పోతాయి.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన లినక్స్ కెర్నెల్ నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. యంత్రం మేల్కొనడం ఒక్కసారిగా జరిగే పని కాదు. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ మేల్కొంటుంది. అది గ్రబ్ అనే ప్రారంభకాన్ని పిలుస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోకి తెస్తుంది. కెర్నెల్ పరికరాలను గుర్తించి, డిస్కును తెరిచి, సిస్టమ్‌డీకి పని అప్పగిస్తుంది. అది ఒక్కొక్క సేవనూ మొదలుపెట్టిన తరువాతనే మనకు లాగిన్ తెర కనిపిస్తుంది. గొలుసులో ఏ కడియం తెగిందో తెలుసుకోవడమే నిదానం.

అన్నిటికంటె ముందు చేయవలసినది పద్దులను కాపాడుకోవడం. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, డిస్కులోని దస్త్రాలను వేరొకచోటికి నకలు తీసుకోవాలి. పిమ్మట పరీక్ష మొదలుపెట్టాలి. ఉబుంటు వంటి వాటిలో యంత్రం మొదలయ్యే క్షణంలో షిఫ్ట్ మీటను గాని, కొత్త యంత్రాలలో ఎస్కేప్ మీటను గాని నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అందులో పాత కెర్నెల్‌ను ఎంచుకొని చూడాలి. దానితో లేస్తే దోషం కొత్త కెర్నెల్‌తో ముడిపడినదని అర్థం.

అప్పటికీ లేవకపోతే, పట్టికలో ‘ఇ’ అనే ఆంగ్లాక్షరపు మీట నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలోని ‘క్వైట్’, ‘స్ప్లాష్’ అనే మాటలను తొలగించాలి. ఆ మాటలు సందేశాలను దాచే తెరలు. అవి తొలగితే యంత్రం ఎక్కడ ఆగిందో తానే చెబుతుంది. ఈ మార్పు ఆ ఒక్క పర్యాయానికే వర్తిస్తుంది కనుక భయపడనక్కరలేదు. తెరను సిద్ధం చేసే దశలో ఆగితే, అదే వరుసలో ‘నోమోడ్‌సెట్’ చేర్చి చూడవచ్చు. దానితో లేస్తే గ్రాఫిక్స్ డ్రైవరును సరిచేయాలి. ఏదో డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం నిరీక్షిస్తున్నట్లు కనిపిస్తే, ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ పట్టికను చూడాలి. ఎప్పుడో తీసివేసిన డిస్కు పేరు అందులో మిగిలి ఉండవచ్చు. పెన్‌డ్రైవ్‌తో లేపి, ఆ వరుస ముందు హాష్ గుర్తు ఉంచితే యంత్రం దానిని విడిచిపెడుతుంది. ఒక పర్యాయానికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది ఫలించిందో తెలియదు.

సమీపంలోని ఎమ్మిగనూరు, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరొందింది. అక్కడి నేతగాడు పడుగులో ఒక పోగు తెగితే బట్టనంతా కోసివేయడు. మగ్గం ఆపి, తెగిన కొసను వెదకి, ముడివేసి, మళ్ళీ నేస్తాడు. యంత్రమైనా మగ్గమైనా, కాపాడేది నిదానమే.

అభ్యాసం
1. ‘నిదానము’ అనే పదానికి గల రెండర్థాలను పాఠం ఆధారంగా సమన్వయించండి.
2. డిస్కును చెరిపి మళ్ళీ లినక్స్ ఎక్కించడం వల్ల కలిగే నష్టమేమిటి?
3. ఒక పర్యాయానికి ఒక్క మార్పే ఎందుకు చేయాలి?