మోకాలి గుజ్జు, డబ్బా మీది రాత

ప్రశ్న: మాది ఆదిత్యపూర్. అమ్మకు మోకాళ్ళు అరిగాయన్నారు డాక్టరు. ఇంటికొచ్చిన ఏజెంటు, గ్లూకోసమైన్ బిళ్ళలు మూడు నెలలు వాడితే గుజ్జు మళ్ళీ వస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నాడు. వాట్సాప్‌లో ప్రకటనా పంపాడు. తొమ్మిది వేలు పోశాం. నొప్పి అలాగే ఉంది. డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: ముందు డబ్బా తిప్పి చూడండి. దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే, అది చట్టం దృష్టిలో ఆహారం. మందు కాదు. 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని దాని మీదే రాసి ఉండాలి. డబ్బా మందు కాదంటుంది, ఏజెంటు జబ్బు నయమవుతుందంటాడు. మీ కేసంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

గుణం కనిపించలేదన్న ఒక్క మాట మీద గెలవడం కష్టం. ఇవ్వలేని హామీ ఇచ్చి అమ్మారని చూపాలి. అందుకు వైద్య సాక్ష్యం బాగానే ఉంది. అమెరికాలో 1,583 మంది మోకాళ్ళ రోగులపై జరిపిన పరిశోధన 2006లో వెలువడింది. మొత్తం మీద గ్లూకోసమైన్, దాంతో కలిపి అమ్మే కాండ్రాయిటిన్‌ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనిపించుకోలేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు మోకాళ్ళకు ఇవి వద్దనే అన్నాయి. (అమ్మగారు రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే ఈ బిళ్ళల సంగతి ఇవాళే డాక్టరుకు చెప్పండి. రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.)

ఏజెంటు ముందుగా అడక్కుండా, గుర్తింపు కార్డు లేకుండా గుమ్మం ఎక్కాడా? 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. బిల్లు ఇవ్వకపోతే అదీ 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపారమే. కొన్నది మీరు, మింగింది అమ్మగారు. మీ సమ్మతితో వాడారు గనక ఆవిడా వినియోగదారే.

ఎక్కడ వేయాలి? ఆదిత్యపూర్ సరాయికెలా-ఖర్సావాఁ జిల్లా. ఖర్కాయి వంతెన దాటితే జంషెడ్‌పూర్, అది తూర్పు సింహభూమ్. ఫిర్యాదుదారు నివాసమున్న చోటైనా, పనిచేసే చోటైనా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. మీ ఉద్యోగం వంతెన అవతలైతే అక్కడే వేసుకోండి, సెలవు కలిసొస్తుంది. 5 లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్ళు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని తగువులు అక్కడే తేలిపోతాయి.

తప్పుడు ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. అది మీ చేతికి రాదు. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా ఒకటి 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఉంది, అందులో 'రుమాటిజం' (కీళ్ళవాతం) ఉంది. మోకాళ్ళ అరుగుదల అందులోకి రాదని కంపెనీ వకీలు వాదిస్తాడు, కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

ఖాళీ డబ్బా, మిగిలిన బిళ్ళలు పారేయకండి. ఏజెంటు పంపిన సందేశం ఫోన్లోంచి చెరపకండి.