ఆటిజము గలవారి సంరక్షణ – ప్రభుత్వ శాఖల పొందిక

పల్లెలో ఇల్లు అంటుకొన్నప్పుడు జనులు బావి మొదలు ఇంటి వరకు వరుసగా నిలిచి నీటికడవల నందించుకొందురు. నడుమ నొక్కడు చేయి చాపనిచో, తక్కినవారు ఎంత శ్రమించినను నీరు మంటకు చేరదు. ఆటిజము గల బిడ్డలకు తోడ్పడు ప్రభుత్వ శాఖల పనియు నిట్టిదే. మన దేశమున ఆ శాఖలెవ్వియో, అవి యెట్లు కూడి పనిచేయవలెనో ఈ వ్యాసమున సంగ్రహముగా విచారింతము.

ముందు ఆటిజమన నేమో తెలిసికొనవలెను. 1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బిడ్డల స్థితిని వర్ణించి దీనిని ప్రత్యేకముగా గుర్తించెను. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పెంపకమువలన గలిగిన లోపమును కాదు. మెదడు పెరుగు తీరునందలి భేదము. ఇట్టివారిలో కొందరికి మాట ఆలస్యముగా వచ్చును. కొందరికి రానే రాదు. కొందరు ధారాళముగా మాటలాడుదురు గాని, ఎదుటివారి మనోభావము గ్రహించుట వారికి కష్టము. కొందరికి బడిగంట మ్రోత సైతము దుర్భరముగా నుండును. ఒకరివలె మరియొకరుండరు గనుక, అందరి యవసరములను ఒక్క శాఖయే తీర్చజాలదు.

మొదటి పని గుర్తించుట. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ననుసరించి, వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏట రెండు మారులును, ప్రభుత్వ పాఠశాలలకు ఏట నొక మారును పోయి పిల్లలను పరీక్షింపవలెను. సందేహము గలిగినచో బిడ్డను జిల్లా కేంద్రమునకు పంపుదురు. ఇచ్చటనే పొందిక యవసరమగుచున్నది. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది, వైద్యబృందము ఆరోగ్యశాఖది, బడి విద్యాశాఖది. పేరు పెట్టి పిలిచినను బిడ్డ తిరిగి చూచుట లేదని తల్లియో, అంగన్‌వాడీ కార్యకర్తయో మొదట కనిపెట్టవచ్చును. ఆ మాట వైద్యుని చెవిని బడనిచో, శిక్షణకు మిక్కిలి అనువైన తొలి యేండ్లు వృథాగా గడచిపోవును.

రెండవ పని ధ్రువపత్ర మొసగుట. 1995వ సంవత్సరపు చట్టము ఏడు వైకల్యములనే పేర్కొనెను. వానిలో ఆటిజము లేదు. 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొని, వానిలో దీనిని జేర్చెను. ఆటిజమును కొలుచుటకై భారతీయ కొలమాన మొకటి మన సికింద్రాబాదునందలి జాతీయ సంస్థలో రూపొందుట తెలుగువారికి సంతోషకరము. దానియందు 40 అంశములు గలవు. మొత్తపు అంకె 70 మొదలు 106 వరకున్న స్వల్పమనియు, 107 మొదలు 153 వరకున్న మధ్యమమనియు, అంతకు మించిన తీవ్రమనియు దాని నిర్ణయము. వైకల్యము నూటికి 40 వంతులకు తక్కువ కాదని ధ్రువపత్రము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య పొందు హక్కు గలదు.

మూడవ పని విద్య గరపుట. బిడ్డకు తగిన రీతిని పాఠములను మార్చి బోధించుటకు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని భవిత కేంద్రములు ఇందుకై యేర్పడినవే.

ఇక నాలుగవది అన్నిటికంటె బరువైనది. ఇట్టి బిడ్డ గల తల్లిదండ్రుల హృదయమును రేయింబవళ్లు కలచివేయు ప్రశ్న యొక్కటే: "మా తరువాత వీనికి దిక్కెవరు?" 1999వ సంవత్సరమున చేయబడిన నేషనల్ ట్రస్టు చట్టము ఈ ప్రశ్నకు ఉత్తర మీయ యత్నించెను. దాని ననుసరించి స్థానిక స్థాయి సంఘమునందు జిల్లా కలెక్టరు హోదాకు తగ్గని యధికారియు, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధియు, వైకల్యము గల వ్యక్తి యొకరును సభ్యులుగా నుందురు. తల్లిదండ్రులు గాని బంధువులు గాని కోరినచో, సంరక్షకుడు అవసరమా యని ఈ సంఘము విచారించి నియమించును. ఆ సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆస్తి పట్టికను దాఖలు చేయవలెను. ఏటేట లెక్కలు చూపవలెను. నిర్లక్ష్యము చేసినను, ఆస్తి నపహరించినను అతనిని తొలగింపవచ్చును. ఈ ట్రస్టువారి నిరామయ పథకమునందు లక్ష రూపాయల వరకు ఆరోగ్య భీమా కూడ గలదు.

అయితే సంరక్షణ మనగా ఆ వ్యక్తి నోరు నొక్కుట గాదు. 2016 నాటి చట్టమున చెప్పబడిన పరిమిత సంరక్షణ, సంరక్షకుడును ఆ వ్యక్తియు పరస్పర విశ్వాసముతో కలిసి నిర్ణయించుకొను పద్ధతి. మాట రానివానికిని ఇష్టానిష్టములు గలవని చట్టమే యొప్పుకొనుచున్నది.

ఈ శాఖలను కలుపుటకు కేంద్రమునను, రాష్ట్రములందును సలహా మండలులను, జిల్లాలలో సంఘములను చట్టము నిర్దేశించినది. ఫిర్యాదులను విచారించుటకు కమీషనర్లును గలరు. ఏర్పాటు మంచిదే. అయినను శాఖలు తమలో తాము మాటలాడుకొననిచోట, ఆ భారమంతయు తల్లి తలపై బడును. ఆమెయే ఆసుపత్రినుండి బడికిని, బడినుండి కలెక్టరు కచేరీకిని కాగితముల సంచితో తిరుగుచు, ప్రతిచోటను అదే కథను మొదటినుండి చెప్పవలసి వచ్చును. కూలిపని మానుకొని వచ్చిన తల్లికి అట్టి ప్రతి దినమును ఒక దినపు కూలి నష్టము. కావున పొందిక యనునది కచేరీల సౌకర్యము మాత్రమే గాదు. పేద కుటుంబమునకు అది అన్నపు ముద్దతో సమానము.

మనము చేయదగిన దేమి? తల్లిదండ్రులు వైద్యుల వ్రాతలను, ధ్రువపత్రమును, బడి వివరములను తేదీల వరుసను ఒకచోట భద్రపరుపవలెను. ఉపాధ్యాయులు తాము గమనించినది వ్రాసి యిచ్చినచో, అది వైద్యునికి దారి చూపును. విద్యార్థులారా, మీ తరగతిలో ఒక బాలుడు మీ కన్నులలోనికి చూడకున్నను, చెప్పిన మాటనే మరల మరల చెప్పుచున్నను పరిహసింపకుడు. ఆటలో అతనికి చోటీయుడు. బదులు చెప్పుటకు వ్యవధి యీయుడు. చట్టములు చేయగలిగినది కొంత. పక్కబల్లపై కూర్చున్నవాడు చేయగలిగినది మరికొంత. ఈ రెండును కలిసిననాడే ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు నిండైన ఉత్తరము దొరకును.