ఆగని ఆశయం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో పురపాలక సంఘాలున్నాయి. పూర్వం పురపాలక ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా పడేవి. అప్పుడు ప్రజాప్రతినిధులకు బదులు ప్రత్యేకాధికారులు పాలించేవారు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ప్రధాని రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1989లో రాజ్యాంగ సవరణ బిల్లులు తెచ్చింది. లోక్‌సభ ఆమోదించినా అవి రాజ్యసభలో వీగిపోయాయి.

1991 మే 21న ఎన్నికల ప్రచారంలో ఉన్న కాంగ్రెస్ అధ్యక్షుడు రాజీవ్ గాంధీ శ్రీపెరుంబుదూరులో హత్యకు గురయ్యారు. ఆశయం మాత్రం ఆగలేదు. తెలుగువారైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1992 డిసెంబరులో పార్లమెంటు పంచాయతీలకు 73వ, పురపాలక సంఘాలకు 74వ సవరణను ఆమోదించింది. ఐదేళ్లకొకసారి ఎన్నికలు, స్త్రీలకు కనీసం మూడో వంతు స్థానాలు రాజ్యాంగ హామీలయ్యాయి.

వ్యక్తి మరణించినా శాసనం నిలుస్తుంది. దానిని కాపాడుకోవలసినది పౌరులే.