బల్లపరుపు టోపీ: ఒక శిరోవేష్టన చరిత్ర

మానవుడు ధరించే వస్త్రాలన్నిటిలో శిరోవేష్టనానికి ఉన్న ప్రతిష్ఠ మరి దేనికీ లేదు. ఉర్దూలో ఒకరి పరువు తీయడాన్ని 'పగ్డీ ఉఛాల్నా' అంటారు. మోసగించడాన్ని 'టోపీ పహనానా' అంటారు. తెలుగువాడిని మోసగించినవాడు సైతం 'కుచ్చుటోపీ' పెట్టి పోతాడు. రెండు భాషలవారూ పరువుకూ వంచనకూ నెత్తిమీది వస్తువునే గుర్తుగా ఎంచుకోవడం ఆలోచింపదగిన విషయం. ఈ వ్యాసంలో మనం ప్రధానంగా పరిశీలించబోయేది ఇంగ్లండులో స్థిరపడిన ఫ్లాట్ క్యాప్‌ను, అనగా తలకు అణగిమణగి బల్లపరుపుగా ఉండి, నుదుటిపైకి చిన్న చూరు వంటి అంచు కలిగిన టోపీని. తొలినాటి మోటారు చోదకులు వాడినందువల్ల దీనికే డ్రైవింగ్ క్యాప్ అనే పేరు కూడా వచ్చింది. మన కుచ్చుటోపీకీ దీనికీ చరిత్రలో ఒకచోట చిత్రమైన ముఖాముఖి జరిగింది. ఆ సంగతి క్రమంగా చెబుతాము.

టోపీల చరిత్ర వ్రాసినవారు సాధారణంగా ఈ కథను 1571వ సంవత్సరంతో ప్రారంభిస్తారు. అప్పటికి ఇంగ్లండును ఏలుతున్నది మొదటి ఎలిజబెత్ రాణి. ఆ దేశపు సిరి అంతా గొర్రెల వీపుమీదనే ఉండేది. ఉన్ని వడకడం, అల్లడం, అల్లినదాన్ని తడిపి తొక్కి దళసరి చేయడం, రంగువేయడం, దువ్వడం మొదలైన పనులమీద వేలాది కుటుంబాలు జీవించేవి. ఫ్యాషన్లు మారి, ఇతర రకాల టోపీలపై మోజు పెరగడంతో అల్లిక టోపీలు చేసేవారికి పని కరవైంది. అప్పుడు పార్లమెంటు ఒక శాసనం చేసింది. ఆరు సంవత్సరాలు దాటిన ప్రతివాడూ ఆదివారాల్లోనూ, పండుగ దినాల్లోనూ ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ ధరించి తీరాలి. ధరించని ప్రతి దినానికీ 3 షిల్లింగుల 4 పెన్నీలు జరిమానా. ప్రభువులకు, భూస్వాములకు, కులీన స్త్రీలకు మాత్రం మినహాయింపు!

ఈ మినహాయింపే మా దృష్టిలో అసలు కీలకం. శాసనం చేసినవారి ఉద్దేశం పరిశ్రమను నిలబెట్టడం. జరిగింది వేరు. మినహాయింపు పొందినవాడు దొర, పొందనివాడు సామాన్యుడు అయినందువల్ల ఉన్ని టోపీ సామాన్యుని గుర్తుగా ముద్రపడింది. షేక్‌స్పియర్ తన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకంలో ఈ శాసనపు టోపీలను ప్రస్తావించాడు. ప్రజలు ఆజ్ఞను అంత శ్రద్ధగా పాటించినట్లు తోచదు; 1597లో శాసనాన్ని రద్దు చేశారు. నాటి అల్లిక టోపీలు కొన్ని లండన్ నేలలో త్రవ్వకాల్లో దొరికి, నేటికీ అక్కడి మ్యూజియంలలో ఉన్నాయి. వాటి ఆకారం నేటి ఫ్లాట్ క్యాప్‌ది కాదనే చెప్పాలి. ఉన్ని, చదునుతనం, సామాన్యుని తల అనే మూడు మాత్రమే ఒకటి నుండి మరొకదానికి సంక్రమించాయి.

ఇక్కడ మన దేశచరిత్ర తెలిసిన విద్యార్థికి ఖాదీ టోపీ జ్ఞాపకం రాకమానదు. అదీ స్వదేశీ నేతకాని బ్రతుకు కోసం పుట్టిన టోపీయే. కాని 1920లో సహాయ నిరాకరణోద్యమం నాడు జనం దానిని ధరించింది ప్రభుత్వ శాసనానికి లోబడి కాదు, ప్రభుత్వానికి కంటగింపుగా. ఎలిజబెత్ రాణి జరిమానాలతో సాధించలేనిది గాంధీజీ ఒక్క పిలుపుతో సాధించాడు.

ఇక ఉన్నినే ఎందుకు ఎన్నుకున్నారన్నది విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించవలసిన ప్రశ్న. ఉన్ని వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే దానిపై చేప పొలుసుల వంటి పొరలు కనబడతాయి. తడి, వేడి, మర్దన కలిసినప్పుడు ఈ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని మరల విడిపోవు. అందువల్ల బట్ట కుదించుకొని, సందులు పూడుకొని, దళసరి అవుతుంది. వెంట్రుక సహజంగా వంకర తిరిగి ఉండటంవల్ల వాటి మధ్య గాలి నిలిచి, తల వేడిని బయటకు పోనీయదు. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడా చేతికి తడి తగలనీయదు. సన్నని వాన ఎడతెగక కురిసే దేశంలో గొడుగు పట్టుకొనే తీరిక లేని కూలివానికి ఇంతకంటే తగిన వస్తువు ఏముంటుంది? స్కాట్లండులోని ట్వీడ్ బట్ట ఈ గుణాలన్నీ కలది. దాని వాయవ్య తీరానికి ఆవలి ద్వీపాలలో నేసే హారిస్ ట్వీడ్‌కు 1993లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టంతో రక్షణ కల్పించింది. ఆ ద్వీపాలవారు తమ ఇండ్లలో చేతిమగ్గంపై నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. పోచంపల్లి నేతను ఎరిగిన మనకు ఈ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివరకు ఇంగ్లండులో ఒక మనిషి అంతస్తు తెలుసుకోవడానికి అతని తలవైపు చూస్తే చాలు. పొడవాటి పట్టు టోపీ ధనికునిది, గుండ్రని బౌలర్ టోపీ గుమాస్తాది, గుడ్డ టోపీ కార్మికునిది. 1892లో వెస్ట్ హామ్ సౌత్ నుండి ఎన్నికైన కార్మిక నాయకుడు కీర్ హార్డీ, సభ్యులందరూ పట్టు టోపీలతో వచ్చే పార్లమెంటుకు ట్వీడ్ దుస్తులతో, గుడ్డ టోపీతో వెళ్లాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఈయనే 1907లో భారతదేశం పర్యటించి మన స్వపరిపాలన కోర్కెను సమర్థించినవాడు. చిత్రమేమిటంటే, వేటకూ గోల్ఫ్ ఆటకూ వెళ్లే ప్రభువులు కూడా అదే ఆకారపు టోపీ పెట్టేవారు. తరువాత ఎనిమిదవ ఎడ్వర్డ్ అయిన వేల్స్ యువరాజు 1920 ప్రాంతాలలో గోల్ఫ్ మైదానంలో దానిని ధరించి లోకమంతటా ఫ్యాషన్‌గా చేశాడు. కూలివాడు పనికీ, దొర వినోదానికీ ఒకే టోపీని పెట్టుకోవడం ఆ దేశంలో అరుదైన విషయం. ఆ టోపీ నేటికీ నిలిచి ఉండటానికి ఇదే ముఖ్య కారణమని మా అభిప్రాయం. పట్టు టోపీ ఒక్క వర్గానికే చెంది, ఆ వర్గపు డాబుతోపాటే అంతరించింది.

మోటారు కారు రాకతో దీనికి కొత్త ప్రయోజనం ఏర్పడింది. వాహనం ముందు ఒక మనిషి నడవాలనే పాత నిబంధనను ఇంగ్లండులో 1896లో తొలగించారు. 1903 చట్టం గంటకు 20 మైళ్ల వేగాన్ని అనుమతించింది. ఆ నాటి బండ్లకు కప్పు లేదు, చాలావాటికి ముందు అద్దమూ లేదు. పొడవాటి టోపీని గాలి ఎగరగొట్టేది. వెడల్పు అంచు టోపీ తెరచాప వలె గాలిని పట్టేది. చదును టోపీ తలను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక ఎగరదు. చూరు కంటికి ఎండ తగలనీయదు. పందెపు చోదకులు చూరు సైతం గాలికి లేవకుండా టోపీని వెనుకకు త్రిప్పి పెట్టేవారు. తరువాత కార్లకు కప్పులు వచ్చి, ఆ కప్పులు క్రిందికి దిగినప్పుడు ఎత్తైన టోపీలన్నీ ఇంటివద్ద దండేనికి చేరాయి. ఇది మాత్రం కప్పుక్రింద హాయిగా ఇమిడింది.

టోపీని వెనుకకు త్రిప్పడం అన్నాము. పందెపు చోదకులు గాలి కోసం చేసిన పనిని మరొక దేశంలో సామాన్య ప్రజలు నమాజు కోసం చేయవలసివచ్చింది. ముస్లిం ఆరాధనలో సజ్దా సమయాన నుదురు నేలకు తాకాలి. చూరు ఉన్న టోపీ ఇందుకు అడ్డు. అందుకే ఉస్మానీ సుల్తాను రెండవ మహమూద్ 1829లో ఉద్యోగులకు తలపాగా మాన్పించి కొత్త టోపీ నిర్ణయించినప్పుడు, చూరు లేని ఎర్రని ఫెజ్‌ను, అంటే మన రూమీ టోపీని నిర్ణయించాడు. మొదట పాగావారు దీనినే వింతగా చూశారు. నూరేళ్లు తిరగకముందే అది ముస్లిముల ఆత్మగౌరవ చిహ్నమైంది. అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తన కళాశాల విద్యార్థులకు ఈ టోపీనే ఏర్పరచాడు. ఒక విచిత్రం: ఫెజ్‌లు పెద్ద ఎత్తున తయారై వచ్చేది ఆస్ట్రియా సామ్రాజ్యపు కర్మాగారాల నుండి. ఆస్ట్రియా బోస్నియాను కలుపుకొన్న 1908లో తుర్కీ ప్రజలు ఆ ఫెజ్‌లను బహిష్కరించారు!

1925 ఆగస్టులో ముస్తఫా కమాల్ కాస్తమోను పట్టణానికి పనామా హ్యాటుతో వెళ్లాడు. నవంబరులో ఫెజ్‌ను నిషేధించి అంచు టోపీని విధించే చట్టం వచ్చింది. కొన్ని పట్టణాలలో అల్లర్లు చెలరేగాయి. ప్రత్యేక న్యాయస్థానాలు మరణశిక్షలు విధించాయి. పాశ్చాత్య అనుకరణనూ అంచు టోపీనీ ఖండిస్తూ 1924లోనే, అనగా చట్టానికి ముందే, పుస్తకం వ్రాసిన విద్వాంసుడు ఇస్కిలిప్లి ఆతిఫ్ హోజాను 1926 ఫిబ్రవరిలో ఉరితీశారు. ఒక టోపీ కోసం మనిషి ప్రాణం తీయడాన్ని ఏ ఆధునికతా సమర్థించజాలదు. మరి అక్కడి రైతు, కూలీ ఏమి చేశారు? అంచు టోపీలలో చవకైనదీ, చిన్నదీ అయిన ఫ్లాట్ క్యాప్‌ను ఎంచుకున్నారు. మసీదుకు వెళ్లినప్పుడు చూరును వెనుకకు త్రిప్పి సజ్దా చేశారు. చట్టమూ చెల్లింది, నమాజూ చెల్లింది. ఈ నాటికీ తుర్కీ పల్లెలలో వృద్ధుల తలపై కనబడేది ఆ టోపీయే.

తుర్కీలో నేరమైన రూమీ టోపీ అదే కాలంలో హైదరాబాదులో గౌరవ చిహ్నంగా నిలిచింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చిత్రాలలో చాలావాటియందు ఆయన తలపై ఉన్నది అదే. 1931లో చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రుషెహ్వార్‌కు నిజాం పెద్దకుమారునితో ఫ్రాన్సులోని నీస్ నగరంలో వివాహమైంది. జన్మభూమిలో నిషిద్ధమైన టోపీని ఆమె అత్తవారింట దర్బారులో చూసింది. తెలుగువాని నుడికారంలో 'కుచ్చు' అనబడినది ఆ టోపీ నడినెత్తి నుండి వ్రేలాడే నల్లని దారపు కుచ్చు.

ఫ్లాట్ క్యాప్ విషయానికి తిరిగి వస్తే, రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇంగ్లండులో అది ముసలివారి టోపీగా హాస్యానికి గురైంది. 1957లో 'డైలీ మిర్రర్' పత్రికలో రెగ్ స్మైత్ సృష్టించిన ఆండీ క్యాప్ అనే సోమరి పాత్ర తలపై నుండి అది ఎన్నడూ దిగలేదు. 2013లో బర్మింగ్‌హామ్ ముఠాలపై వచ్చిన 'పీకీ బ్లైండర్స్' టెలివిజన్ నాటకం తరువాత యువకులు మళ్లీ దాని వెంటపడ్డారు. ఆ ముఠాలు టోపీ అంచులో క్షౌరపు బ్లేడ్లు కుట్టుకొనేవన్న కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. మన ఎండలకు ఉన్ని టోపీ పనికిరాదు. నార బట్టతోనో నూలుతోనో కుట్టినదైతే ఓర్చుకోవచ్చు.

చోదకుల తలపై శాసనాలు చేయడం మాత్రం ప్రభుత్వాలు మానలేదు. మన 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ద్విచక్రవాహన చోదకునికి హెల్మెట్‌ను విధిస్తూ, పాగా ధరించిన సిక్కులను మినహాయించింది. బ్రిటిష్ పార్లమెంటు అటువంటి మినహాయింపును 1976లోనే ఇచ్చింది. అక్కడ గాని, ఇక్కడ గాని చదును టోపీకి మినహాయింపు లేదు. మోటారు సైకిలు ఎక్కేవాడు దానిని మడిచి జేబులో పెట్టుకోవలసిందే. అది మడిస్తే జేబులో పడుతుంది కూడా.