రెండు రంగుల డెక్‌లో ల్యాండ్ల లెక్క

ప్రశ్న: ఆదివారాలు నంద్యాలలో మా బావతో మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడతాను. ఆకుపచ్చ, ఎరుపు కలిపి 60 కార్డుల డెక్ కట్టాను. మిగతా కార్డులు ఆడేందుకు శక్తినిచ్చే ల్యాండ్ కార్డులు రెండు రంగులవీ చెరి 12 పెట్టాను. చేతిలో మంచి కార్డులున్నా తగిన ల్యాండ్ రాక ఓడిపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: రమ్మీలో ప్యూర్ సీక్వెన్స్ లేకపోతే ఎన్ని జోకర్లున్నా షో చేయలేం కదా, ఇదీ అంతే. 24 ల్యాండ్లు సరిపోతాయి, పంపకమే మార్చాలి. చెరి 12 ఉంటే, మొదటి 7 కార్డుల్లో ఆకుపచ్చ ల్యాండ్ ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 19 శాతం. ఎరుపుకూ అంతే.

అందుకే ఒక రంగును పెద్దదిగా ఎంచుకోండి. లానోవర్ ఎల్వ్స్ లాంటి ఆకుపచ్చ కార్డు మొదటి వంతులోనే దిగితేనే లాభం, దానికి ఆకుపచ్చ ల్యాండ్ ఫారెస్ట్ కావాలి. ఎరుపు కార్డు లైట్నింగ్ బోల్ట్‌ను నాలుగో వంతులో వేసినా 3 పాయింట్ల దెబ్బ తగ్గదు. కాబట్టి ఆకుపచ్చ ముందు, ఎరుపు వెనుక. రెండు ఎరుపు గుర్తులు అడిగే చిన్న కార్డులు తీసేయండి.

రెండు రంగులూ ఇచ్చే రగ్డ్ హైలాండ్స్ 4, ఫారెస్ట్ 11, ఎరుపు ల్యాండ్ మౌంటెన్ 9 పెట్టండి. అప్పుడు ఆకుపచ్చకు 15, ఎరుపుకు 13 దారులుంటాయి. హైలాండ్స్‌ను దించిన వంతులో వాడుకోలేరు, అయినా ఆ ఆలస్యాన్ని భరించవచ్చు.

నంద్యాల బస్సెక్కే ముందు ఇంట్లోనే 20 సార్లు కలిపి, ఏడేసి కార్డులు తీసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.